కృష్ణకు ఎదురెక్కిన నెత్తళ్ళు

మా ఆవిడ మూకుట్లో ఎండు నెత్తళ్ళు వేయించడం మొదలుపెడితే ఆ ఘాటుకు ఇరుగుపొరుగు తలుపులు మూసుకుంటారు. నాకు మాత్రం ఆ పొగలో రెంటచింతల తేలుతూ వస్తుంది. చిటికెన వేలంత చేపల తలలు గిల్లుతూ పంచలో కూర్చున్న మరియమ్మత్త కనిపిస్తుంది.

యుద్ధం రోజులవి. నాకప్పుడు ఇరవై ఏళ్ళు. ఎడ్లపాడు నుంచి వచ్చి నాపరాళ్ళ క్వారీలో కుదిరి, ఆమె పంచలోనే ఉండేవాణ్ణి. ఆమె కొడుకు యోసేపూ నేనూ పక్కపక్కనే రాయి కొట్టేవాళ్ళం. అతను పట్టాళంలో చేరి వెళ్ళిపోయాడు. ఆ వేసవి ఎండకు ఊళ్ళో కాకులు ఎగరడం మానేసి, నీడలు చూసుకుంటూ నడిచి వెళ్ళేవి. ఒట్టు, నా కళ్ళతో చూశాను.

అప్పుడే నాకు టైఫాయిడ్ వచ్చింది. జ్వరం తగ్గింది గానీ నోరు చచ్చిపోయింది. జావ గిన్నె దగ్గరికి తెస్తేనే మొహం అటు తిప్పుకునేవాణ్ణి. "తినకపోతే ఇతను దక్కడు" అని డాక్టరు అత్తతో అనడం కలలో మాటలా వినిపించింది. మర్నాడు మధ్యాహ్నం ఆమె నెత్తళ్ళు చింతచిగురులో వండి, అన్నం కలిపి నా మంచం పక్కన కూర్చుంది.

"ఈ చేపలు యాడనించి వచ్చినయ్యో తెలుసా సాంబిగా?"

"సంతలోంచి."

"నీ మొహం! సముద్రం కాడ ఎండ చాలక, మన ఊరి ఎండ సంగతి ఇని, కృష్ణకి ఎదురెక్కి వచ్చినయ్. మన నాపరాళ్ళ మీద పడుకుని ఎండినయ్. అమరావతి కాడ మాత్రం ఒకటి ఆగిపోయింది."

"ఎందుకూ?"

"ముద్ద మింగు, చెప్తా."

మింగాను. పులుపూ ఉప్పూ నాలుకను తట్టి లేపాయి.

"గుడి గంట ఇని దండం పెట్టుకుందామనుకుంది. చేతులేయి పాపం! అప్పుడేం చేసిందో చెప్పనా? ఇంకో ముద్ద."

కళ్ళు మూసుకుంటే నా మంచం కృష్ణలో తేలేది. చుట్టూ వెండి చేపల గుంపు. అలా పదిహేను రోజులు ఈదించి నన్ను ఒడ్డున వేసింది.

"సముద్రం ఎట్టా ఉంటది అత్తా?" అని అడిగాను లేచి తిరుగుతున్నప్పుడు.

"నాకేం తెలుసురా? నేను మాచర్ల దాటితే గదా!"

మరుసటి ఏడు యోసేపు ఉత్తరాలు ఆగిపోయాయి. అత్త పోస్టుమాన్ వచ్చే దారి చూస్తూ గడపలోనే కూర్చునేది. తిండి మానేసింది. మనిషి రోజురోజుకీ పుల్లలా అయిపోతోంది. ఇక ఆగలేక నేనే నెత్తళ్ళు వండి, ముద్ద కలిపాను. అంతటితో ఊరుకోక, ఆమె నేర్పిన విద్యనే ఆమె మీద ప్రయోగించాను.

"అత్తా, నిన్న మాచర్ల స్టేషన్లో ఒక సిపాయి కలిశాడు. మన యోసేపుని..."

ఆమె నా మణికట్టు పట్టుకుంది. "నిజంగా?"

ఆ కళ్ళు చూశాక నా అబద్ధం ముందుకు సాగలేదు. "లేదత్తా" అన్నాను.

ఆమె నా మణికట్టు వదలకుండానే అంది.

"చేపల మీద ఎన్నైనా చెప్పుకోరా. ఎదురుచూసేదాంతో మాత్రం ఇట్టాంటియి చెప్పమాక."

ముద్ద నా చేతిలోనే ఉంది. ఆమె దానివైపు చూసింది.

"తలలు కూడా గిల్లలేదేందిరా, సన్నాసీ" అంది. తర్వాత మెల్లగా, "అమరావతి చేప ఏమైంది?" అని నోరు తెరిచింది.

యోసేపు రాలేదు. అత్త మాత్రం ఇంకా చాలా ఏళ్ళు బతికింది. ఆ చేప కథకు ముగింపు మా ఇద్దరికీ దొరకనే లేదు.

ఇప్పుడు నేను నోరు తెరిస్తే కోతలేనని మా ఆవిడ అంటుంది. నిజమే. నా కథల్లో కాకులు నడుస్తాయి, చేపలు ఏటికి ఎదురెక్కి ఊళ్ళోకి వస్తాయి. వెళ్ళిపోయిన మనిషి మాత్రం ఒక్కడూ తిరిగి రాడు.