లైట్లు లేని బోర్డు

మా మరిది మింద పగతో నేను మదర్‌బోర్డు కొన్నా. వినేవాళ్ళు నవ్వుతారు. నవ్వుకోనీ.

మా ఆయన జమ్మలమడుగులో పెండ్లి వీడియోలు తీసేటోడు. ఆయన తీసింది వాళ్ళ తమ్ముడు కంప్యూటర్ మింద కత్తిరించి, పాటలు కలిపి ఇచ్చేటోడు. ఆయన పోయినాక దివసాల పొద్దు, చుట్టాలంతా ఆకుల ముందర కూర్చోనుంటే, ఆ మరిది అందరికీ వినపడేటట్ల అన్నెడు: "అక్షరం ముక్క రాని వదినకు కంప్యూటర్ ఏందికి? బర్రెను కొనుక్కోమనండి." కొందరు నవ్విరి. నేను మూలన కూర్చోని విన్యా. ఆ తర్వాత వాడు మా గిరాకీలను వెంటబెట్టుకోని ప్రొద్దుటూరు పోయి సొంత షాపు పెట్టె.

నేను పలక మింద చదువు నేర్చలేదు, కీబోర్డు మింద నేర్చినా. పాత వీడియోల్లో పెండ్లికూతుర్ల పేర్లు వస్తాయి గదా, వాటిని ఆపి చూసేది, అదే అక్షరం కీబోర్డులో యాడుందో వెతికేది. ఒత్తులు నన్ను శానా ఏడిపించినాయి. ఏడ్చినా గానీ వదల్లేదు. తల తెల్లబడినాక మా షాపు తలుపు మళ్ళా తెరిచినా.

ఇప్పుడు మా పక్క పెండ్లిళ్ళలో కొత్త రివాజు వచ్చింది. పొద్దున తలంబ్రాలు పోస్తే, మధ్యాన్నం భోజనాల కాడ పెద్ద తెర మింద ఆ వీడియో పాటతో సహా ఆడాల. మగపెండ్లోళ్ళకొక వీడియో మనిషి, ఆడపెండ్లోళ్ళకొక వీడియో మనిషి. ఎవరి తెర ముందు వెలిగితే వాళ్ళది గొప్ప. పులివెందులలో ఒక పెద్ద రైతు ఇంట్లో కొడుకు పెండ్లి నాకొచ్చింది. ఆడపెండ్లోళ్ళు సింహాద్రిపురమోళ్ళు. వాళ్ళు పిలిచింది మా మరిదిని. ఆ సంగతి తెలిసినప్పట్నుంచి నాకు ఒకటే కోరిక: వాని తెర కంటే ముందు నా తెర వెలగాల. వాడు చూడాల.

పాత మిషన్‌తో అయ్యే పని కాదది. పెద్ద ప్రాసెసర్, మంచి గ్రాఫిక్స్ కార్డు ముందే కొనిపెట్టినా. దుడ్లు శానామటుకు వాటికే పాయ. మిగిలిన దాంట్లో వాటిని మోసే బోర్డు రావాల. అట్లని నాసిరకం తెస్తే మొదటికే మోసం. మా పాత బోర్డు ఎండాకాలంలో ఏం చేసేదో నాకు తెలుసు. ప్రాసెసర్‌కు కరెంటు అందించే భాగం కాగిపోయి, వీడియో ముందుకు పోక సతాయించేది. ఫోన్లో తెలుగు వీడియోలు చూసి, ఏమేం అడగాల్నో మనసులో పెట్టుకోని ప్రొద్దుటూరు బస్సెక్కినా.

షాపాయన నల్లగా మెరిసే బోర్డొకటి ముందర పెట్టి స్విచ్చేసె. రంగురంగుల లైట్లు పరిగెత్తినాయి.

"టాప్ మోడల్ పెద్దమ్మా."

"ఈ లైట్లు వీడియోను తొందరగా చేస్తాయా నాయనా?"

"చేయవు గానీ, చూసేకి బాగుంటాది."

"చూసేకి పెండ్లికూతురుంది. కరెంటిచ్చే భాగం మింద వేడి లాగే దిమ్మె లావుగా ఉండేది చూపీ."

లోపల్నుంచి ఇంకొకటి తెచ్చె. బూడిద రంగు, లైటూ లేదు మెరుపూ లేదు. దిమ్మె మాత్రం లావుగా ఉండె. ర్యామ్‌కు నాలుగు స్లాట్లు, వీడియోలు దాచే ఎస్సెస్‌డీలకు వేరే చోటు. రేటు మెరిసేదాంట్లో సగమే.

"వైఫై లేదు పెద్దమ్మా దీనికి."

"వైరుంది గదా. దాన్ని సంకలో పెట్టుకోని నేనేమన్నా ఊర్లు తిరుగుతానా? కొత్త ప్రాసెసర్‌ను గుర్తుపడ్తాదా, బోర్డు లోపలుండే బయోస్ ప్రోగ్రాం మార్చాల్నా?"

"మార్చాల. ఇంటికి పోయినాక ఎవరితోనన్నా..."

"ఈడనే మార్చియ్యి. అందాక కూర్చోనుంటా."

అప్పుడు వెనకనుంచి గొంతు వినపడె. "ఏం వదినా, బర్రెను ఇంకా కొన్లేదా?"

మరిదే. వానికి ఆ షాపు అలవాటు.

"కొనేకే వచ్చినా అబ్బయ్యా. కొమ్ములు గట్టిగుండాయా లేదా అని చూస్తాండా."

"ఈ బోడిదా నువ్వు కొనేది!" అని నవ్వి, "ఆ మెరిసే బోర్డు నాకు కట్టియ్యన్నా" అని షాపాయనకు చెప్పె. నాకు చూపించేకే కొన్నెడు వాడు.

పెండ్లి పొద్దు మండపం పక్క గదిలో ఇద్దరం మిషన్లు పెట్టుకున్యాం. వానిది అద్దాల డబ్బా, లోపల ఆ మెరిసే బోర్డు. పిలకాయలంతా దాని చుట్టే. కొత్త మిషన్ పని మొదలుపెట్టేముందు మేమంతా పూజ చేస్తాం. నేను డబ్బాకు బయట బొట్టు పెట్టినా. వాడు లైట్ల మధ్యన బొట్టు కనపడాలని అద్దం తీసి, పసుపూ కుంకుమా నీళ్ళతో కలిపి, బోర్డు మిందనే పెట్టె. ర్యామ్‌కు పైన. చేతికంటుకునేంత తడి. నేను చూసినా. చెప్పలేదు. చెప్పలేదని ఈ పొద్దుటికీ నాకు బాధ లేదు.

తలంబ్రాలయినాయి. ఇద్దరం పనిలో పడినాం. తడి బొట్టు కారి ర్యామ్ స్లాట్లోకి దిగినట్లుంది, వాని లైట్లు ఒక్కసారి కొట్టుకోని ఆరిపాయ. వాడు ఎన్నిసార్లు స్విచ్చేసినా దానికి ఉలుకూ లేదు పలుకూ లేదు. నా బూడిద బోర్డు అంత ఎండాకాలంలో గూడా యాడా ఆగలేదు. మొదటి బంతికి పప్పు వడ్డిస్తాండంగానే మా తెర వెలిగె.

పెండ్లికూతురు నాయన గదిలోకొచ్చి మా మరిదిని గద్దించె. "మా తెర యాడప్పా? మగపెండ్లోళ్ళు నవ్వుతాండారు."

వాడు నా పక్కకు తిరిగె. "వదినా, నీ మిషన్ కొంచేపు ఇయ్యి."

"దివసాల పొద్దు ఏమన్నెవు?"

"ఇప్పుడదేంది వదినా..."

"ఇప్పుడే అది. ఆపొద్దు నలుగురుండిరి. ఈడ గూడా ఉండారు. అను."

గొణిగె. "వినపడలే" అన్యా.

"అక్షరం ముక్క రాని వదినకు కంప్యూటర్ ఏందికి అన్యా!" అని అరిచె. వాని మొకం వాని కుంకుమ రంగుకు తిరిగింది.

"ఇప్పుడు అడుగు."

"నీ కంప్యూటర్ కావాల. ఇయ్యి వదినా."

వాని కెమెరాలోని మెమరీ కార్డులు తీసుకున్యా. కుర్చీ మాత్రం ఇయ్యలేదు. వాడు వెనక నిలబడుకోనుంటే, వాడు తీసిన పెండ్లిని నేనే కత్తిరించినా. పెండ్లికూతురి పేరులో కష్టమైన ఒత్తుండె. కీబోర్డు చూడకుండా కొట్టినా. కడపటి బంతి లేచేలోగా ఆ పాప తెర గూడా వెలిగింది. ఆఖర్న వాని షాపు పేరు రావాల్సిన చోట నా షాపు పేరు పెట్టినా.

ఆ పొద్దునుంచి వాడు మా ఇంటి గడప తొక్కలేదు. పగ తీరిందా అని మా చెల్లెలు అడిగె. యాడ తీరింది? ఆ బోర్డు మింద రెండు ర్యామ్ స్లాట్లు ఇంకా ఖాళీగుండాయి. ముహూర్తాలు మళ్ళా మొదలయ్యేలోగా నింపుతా, రెండు తెరల పనీ ఒక్క మిషన్ మిందనే అయ్యేటట్ల. రెండు పక్కలోళ్ళూ నా కాడికే రావాల.