నా మణికట్టులో లేని తాడు

ఎనభైల్లో మాట. నేను అప్పుడే పన్నెండో క్లాసు పాసయ్యాను. రాయ్‌పూర్ స్టేషన్ వెయిటింగ్ రూంలో అమ్మతో తెలుగులో మాట్లాడుతుంటే, పక్కనున్న పెద్దావిడ తలెత్తి నవ్వింది. ఆవిడ చేతిలో ఒక హిందీ పుస్తకం, అట్ట మీద వరసగా పుర్రెలు. ఉండబట్టలేక అదేమిటని అడిగాను.

"మనిషి ఎలా మనిషయ్యాడో చెప్పే కితాబమ్మా. ఏదీ, బొటనవేలూ చిటికెనవేలూ కలిపి మణికట్టు వంచు" అంటూ తనూ వంచింది. ఆవిడ మణికట్టు మధ్యలో సన్నటి తాడులాంటిది పైకి లేచింది. నాకు లేవలేదు.

"నాకేమైనా జబ్బాండీ?" అన్నాను భయంగా.

ఆవిడ సంతోషంతో నా చెయ్యి పట్టుకుని ఊపేసింది. "అరే, బీమారీ కాదు! మనవాళ్లు చెట్లెక్కి తిరిగిన రోజుల్లో పనికొచ్చిన కండరం అది. ఇప్పుడు దాంతో పెద్దగా పని లేదు. కొందరికి పుట్టుకతోనే ఉండదు. లక్షల ఏళ్ల కథ నీ చేతిలోనే ఉంది, దేఖో!"

నా ఒళ్లు పులకరించింది. తన బండి రాగానే ఆవిడ పుస్తకం నా ఒళ్లో పెట్టి, "ఆఖరి పేజీలు నేనింకా చదవలేదు. పర్వాలేదు, నువ్వు చదువు" అని వెళ్లిపోయింది.

ఆ వారమంతా రాయ్‌పూర్‌లో మేముండే దేవేంద్ర నగర్‌లో మా వీధివాళ్ల మణికట్లు చూశాను. అమ్మకీ ఆ తాడు లేదు. కాలేజీ ఫారంలో కామర్స్ కొట్టేసి మానవశాస్త్రం అని రాశాను. ఎందుకని నాన్న అడిగితే, ముందు చెయ్యి చాపమన్నాను.