మిగిలిన నలభై నాలుగు గళ్ళు

మా అత్త మునెమ్మ పురసవాక్కంలో కర్టెన్ గుడ్డల కొట్టులో ముప్పై ఏళ్ళు బట్ట కొలిచింది. ఎంత పెద్ద సంఖ్య కంటబడినా అందులో అంకెలన్నీ కూడేది. కూడితే తొమ్మిదికి వచ్చేదయితే అది తొమ్మిదో ఎక్కంలో పడుతుందని చెప్పేది. గ్యాసు పుస్తకం నంబరుని కూడా వదల్లేదు.

ఆమె ఒక్కగానొక్క కొడుకు గోపాలస్వామి, నా పెనిమిటి, గుండె ఆగి పోయాడు. కర్మలయ్యాక అత్త రామకోటి పుస్తకాలు తెప్పించింది. వాడి పేరు మీద కోటిసార్లు శ్రీరామ రాయాలి. పేజీకి నూట ఎనిమిది గళ్ళు. రోజూ ఆమె అయిదు పేజీలు, నేను అయిదు. ముగిసేదాకా రాసేవాళ్ళు వేరే ఇంట ఒక్క రాత్రి కూడా పడుకోకూడదంది.

మాధవరంలో ఉండే మా చెల్లెలు నన్ను తన దగ్గరికి వచ్చెయ్యమంటోంది. ముందుగది ఖాళీగా ఉందట, కుట్టుమిషను పెట్టుకోవచ్చట. ఎప్పటికి అయిపోతుందని అత్తనడిగాను. క్యాలెండరు కాగితం చించి లెక్క వేసింది. తొంభై రెండు వేల అయిదువందల తొంభై రెండు పేజీలు. రోజుకి పది లెక్కన పాతికేళ్ళ పైన.

"ఆ పైన ఇంకా అరవై నాలుగు పేర్లు మిగల్తాయి. కడాపటి పేజీ నిండదమ్మీ," అంది అత్త. "కోటిలో అంకెలు కూడితే ఒకటే గదా, తొమ్మిదిలో పడదు. నూటెనిమిది పడతాది. ఆ రెండూ యాడ కలుస్తాయి?"

నిండని పేజీ గుళ్ళో ఇవ్వకూడదని ఆమె పట్టు. నింపితే నలభై నాలుగు ఎక్కువై అది కోటి కాదు. ఇది ఎప్పటికీ ముగియదని ముందే తెలుసా అని అడిగాను. కాగితం మడిచి రొంటిన దోపుకుంది.

"తెల్సు. అది ముగిస్తే నువ్వు పోతావు. వాడూ ఈ ఇంట్లోంచి పోతాడు."

నాలుగేళ్ళు రాసి, తమిళుల ఆడి నెలలో అత్త పోయింది. మిగిలిన ఇరవై ఒక్క ఏళ్ళ పని నా ఒక్క చేతికి నలభై రెండేళ్ళయింది. నాకిప్పుడు నలభై ఆరు.

పదహారు రోజులయ్యాక చెల్లెలు ఆటోలో వచ్చి నా బట్టలు సంచిలో సర్దింది. ఈ ఒక్క పేజీ రాసి వస్తానన్నాను. అరవై నాలుగో గడి దగ్గర కలం ఆపాను. ఎన్నేళ్ళు రాసినా ఆఖరి పేజీ ఆగేది ఇక్కడే కదా, ఇదే ఆ పేజీ అనుకుంటే ఏం పోయిందనిపించింది. లేచి చెప్పులేసుకున్నాను.

"దా అక్కా, ఆటో నిలబడుండాది," అంది చెల్లెలు.

గడప దగ్గర వెనక్కి చూశాను. పీట మీద పుస్తకం తెరిచే ఉంది. నలభై నాలుగు గళ్ళు తెల్లగా ఉన్నాయి. నేను అటు పోతే ఆయన పేరు మీద రాసేదెవరు, ఆయన్ని ఈ ఇంట్లో నిలిపేదెవరు?

చెల్లెల్ని పొమ్మన్నాను. చెప్పులు విప్పి వచ్చి అరవై అయిదో గడిలో శ్రీరామ రాశాను.