కిర్రు చెప్పులు

అద్దంకి నుంచి గుంటూరు వెళ్లే బస్సులో నా పక్కన ఒక పెద్దాయన కూర్చున్నాడు. కాలు కదిపినప్పుడల్లా ఆయన తోలు చెప్పులు కిర్రుమంటున్నాయి.

"నేను తోలు మానేశానండీ. ఒక జీవిని చంపి వేసుకోవడం పాపం కదా," అంటూ ఒళ్లోని బ్యాగు చూపించాను. "ఇది వీగన్ లెదర్, జంతువు తోలు కాదు."

ఆయన దాని అంచును గోటితో గీకాడు. నల్లటి పెచ్చు లేచి నా చీర మీద పడింది.

"ఇది రెగ్జినమ్మా. మట్టిలో ఏస్తే నీ మనవలక్కూడా దొరుకుద్ది."

నాకు రోషం వచ్చింది. తోళ్ల ఫ్యాక్టరీల నీళ్లతో వాగులు పాడవడం లేదా అని అడిగాను.

"మందులు పోసే ఫ్యాక్టరీలనడుగు. మేం చచ్చిన గొడ్డు తోలు తీసి తంగేడు చెక్కతో నానేసేవాళ్లం. మా నాన్న కుట్టిన చెప్పులేసుకున్న ఊరే ఆయన్ని గడప తొక్కనీలేదు." బస్సంతా వినేలా గొంతు పెంచాడు. "అప్పుడు మైలన్నారు. ఇప్పుడు పాపమంటున్నారు. చెప్పులు మీకు, పాపం మాకా?"

సంచిలోంచి కొత్త జత తీసి నా ముందుకు చాపాడు.

"నేనే కుట్టా. ఇంకా ఎవరూ తొడగలేదు. పట్టుకుని చూడు."

నా చెయ్యి దానంతటదే వెనక్కి పోయింది.

"చూశావా," అన్నాడంతే. చిలకలూరిపేటలో కిర్రుమంటూ దిగిపోయాడు.

బ్యాగు ఇంకా పెచ్చులూడుతూనే ఉంది. తోలు సంగతి నేనింకా తేల్చుకోలేదు. నా చెయ్యి సంగతి మాత్రం ఆ బస్సులోనే తేలిపోయింది.