బొంతకు ఇస్త్రీ పెట్టె

మా అక్కకు ఇస్త్రీ పెట్టెల మీద నమ్మకం పోయింది. "మళ్ళీ కాల్చేసింది మే, దరిద్రపుది!" అని ఆమె ఫోనులో అరిచినప్పుడు ఇల్లే అంటుకుందేమో అనుకున్నాను. తీరా చూస్తే కాలింది మా అమ్మ చీర ముక్క. అది విన్నాక ఇల్లు కాలినా ఇంత బాధ ఉండేది కాదేమో అనిపించింది. అమ్మ పోయాక మాకు మిగిలింది ఆ నూలు చీరలే.

అక్క వడమాలపేటలో ఉంటుంది, చెల్లెలిని నేను చిత్తూరులో. అక్క కూతురు కాన్పుకని పుట్టింటికి వచ్చి ఉంది, నెలలు నిండుతున్నాయి. మా ఇళ్ళల్లో పసిబిడ్డను కొత్తగుడ్డ మీద పడుకోబెట్టరు. ఇంటి పెద్దామె కట్టి కట్టి మెత్తబడిన చీరలతో కుట్టిన బొంత ఉండాలి. ఆ బొంత అమ్మ చీరలతోనే కావాలని అక్క పట్టు.

పాతకాలం బొంతకైతే ఇస్త్రీతో పనే లేదు. చీరలు మడతలు పెట్టి, అంచు నుంచి అంచుకు దారం లాక్కుంటూ పోవడమే. మా అక్కకు అది ఆనలేదు. ఫోనులో ఎవరో కుట్టడం చూసి, చీరల్ని చదరాలుగా కోసి, రంగుకు రంగు జతచేసి అతకడం మొదలుపెట్టింది. అతుకు వేసిన చోటల్లా వెనకవైపు ఇస్త్రీతో అణచకపోతే అక్కడ గట్టు లేస్తుంది, అది బిడ్డ వీపుకు ఒత్తుకుంటుంది. అందుకని ముక్కముక్కకూ ఇస్త్రీ. పాత పెట్టె ముక్కలు కాల్చిందని మూలన పడేసింది. పక్కింటివాళ్ళది అడిగి తెచ్చుకుంటే అదీ కాల్చింది.

వేడి చూసుకోవడానికి అక్క పెట్టె మీదున్న మీట గుర్తులను ఏనాడూ నమ్మలేదు. అమ్మ బొగ్గుల పెట్టెతో నేర్పిన పద్ధతే ఆమెది: నాలికతో వేలు తడి చేసుకుని అడుగున అలా తాకించి తీసేయడం. ఆ చురుకును బట్టి ఇది నూలుకు, ఇది పట్టుకు అని చెప్పేది. నేనూ అంతే. మీట చూసి ఇస్త్రీ చేసేవాళ్ళను చూస్తే మా ఇద్దరికీ నవ్వొచ్చేది.

చీరలు తరిగిపోతున్నాయి. ఇంకో రెండు ముక్కలు కాలితే బొంత చాలదు. దాంతో నేను వడమాలపేట వెళ్ళాను. అక్కడి నుంచి ఇద్దరం బస్సెక్కి తిరుపతి వెళ్ళి, ఒక కరెంటు సామాన్ల అంగట్లో దూరాము. నేను ముందే అంతా కనుక్కుని వెళ్ళాను. బరువుండాలి, అడుగు గీతల్లేకుండా నున్నగా ఉండాలి, ఆవిరిది అయితే నీళ్ళు కార్చి మరకలు చేయకూడదు. నా ప్రశ్నలకు అంగడాయన విసుక్కోలేదుగానీ, పాపం, మొహం మాత్రం వాడిపోయింది.

చివరికి ఒక బరువు పెట్టెను కరెంటులో పెట్టి, నిలబెట్టి చూపించాడు. అక్క అలవాటుగా వేలు తడి చేసుకుని అడుగుకు ఆనించింది. చుయ్‌మంది.

"ఇంగా కాగలేదే అబ్బా," అంది ఆయనతో.

"బాగా కాగినాదక్కా, చెయ్యి తియ్," అన్నాడాయన.

"యాడ కాగింది? సల్లగా ఉండాది గదా!"

వేలు తీయలేదు. ఇంకాస్త గట్టిగా అదిమింది. నాకు కాలిన చర్మం వాసన వచ్చింది. చెయ్యి పట్టి లాగేశాను. వేలికొన తెల్లగా పాలిపోయి ఉంది.

"ఏమైంది మే? ఎందుకట్ల లాగినావు?" అని అడిగింది.

ఆమె నా మొహం చూసి, ఆ తర్వాత తన వేలు చూసుకుంది. అంగడాయన నీళ్ళు తెచ్చి పోస్తుంటే అది వేరెవరి చెయ్యో అన్నట్టు చూస్తూ కూర్చుంది.

"ఎన్నాళ్ళ నుంచి?" అన్నాను.

"గమ్మునుండు. శానా దినాలుగా వేళ్ళు తిమ్మిరిగా ఉండాయి. షుగరోళ్ళకి మామూలే అనుకుంటి."

అప్పటికి గానీ నాకు బుర్రకెక్కలేదు. ఏ పెట్టెకూ ఏ రోగమూ లేదు. వేలికి చురుకు తగలక, ఇంకా కాగలేదనుకుని అక్కే మీటను తిప్పుకుంటూ పోయింది. నిప్పులా కాగిన పెట్టెను అమ్మ చీర మీద పెట్టింది. కోపం వచ్చింది నాకు, ఇంత జరుగుతుంటే ఒక్క మాట చెప్పనందుకు. అంగడాయన ముందే తిట్టాను. ఆమె తడి వేలిని కొంగుకు తుడుచుకుంది.

ఆ పెట్టే కొన్నాము. రేపే డాక్టరు దగ్గరికి వెళ్దామన్నాను. బొంత అయ్యేదాకా నేను ఆమె ఇంట్లోనే ఉండి ఇస్త్రీ చేస్తానని, ఆమె ముక్కలు జతచేస్తే చాలని చెప్పాను. బస్సులో కూర్చున్నాక నాకు కొంచెం తేలికనిపించింది. అమ్మ చీరలు బతికాయి అనుకున్నాను. అక్క మాత్రం పెట్టె ఒళ్ళో పెట్టుకుని కిటికీలోంచి బయటికి చూస్తూ ఉంది.

"బొంత కుడతాం లే అక్కా, దిగులెందుకు?" అన్నాను.

"బొంత కాదు మే," అంది నా వైపు తిరక్కుండానే. "బిడ్డ పుడితే నీళ్ళు పోసేది నేను గదా."

కాళ్ళు చాపుకుని, బిడ్డను కాళ్ళ మీద పడుకోబెట్టుకుని, కాగిన నీళ్ళలో చన్నీళ్ళు కలిపి, చెయ్యి ముంచి చూసుకుని పోయడం. అది అమ్మమ్మ పని. అక్కకు కూతురు పుట్టినప్పుడు మా అమ్మ పోసింది.

"డాక్టరు బాగుచేస్తాడు లే," అన్నాను. ఆ మాట నాకే నమ్మబుద్ధి కాలేదు.

"నీళ్ళు పోస్తే ఏ బిడ్డయినా ఏడుస్తాది," అంది అక్క. "ఒళ్ళు కాలి ఏడుస్తాందని నాకెట్ల తెలుస్తాది మే?"