తిరిగొచ్చిన బస్తాలు

మార్కాపురంలో మా షాపు మేడ మీద ఉండేది. కింద మందుల షాపు, పైన మేము. ఒక కంపెనీ తయారుచేసే బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌ని చుట్టుపక్కల ఊళ్ళలో అమ్మే డీలర్‌ని నేను. కంపెనీవాళ్ళు డీలర్ అనరు, పార్ట్‌నర్ అంటారు. ఆ మాట వినడానికి బాగుండేది.

అమ్మడం నా పని. అమ్మిన తర్వాత షాపులవాళ్ళకు నేర్పడం, చిక్కులొస్తే విప్పడం నా దగ్గర పనిచేసే అమ్మాయి పని. ఆమెది గిద్దలూరు దగ్గర పల్లె. తల్లి కూలికి పోయి చదివించింది. రోజూ పొద్దున్నే రైలెక్కి, మార్కాపురం రోడ్డు స్టేషన్లో దిగి, షేర్ ఆటోలో ఊళ్ళోకి వచ్చేది. టైపు చెయ్యడానికని పెట్టుకున్నాను. ఆరేళ్ళు తిరిగేసరికి పలకల ఫ్యాక్టరీలవాళ్ళూ, ఎరువుల షాపులవాళ్ళూ నాకు ఫోన్ చేసి, "ఆ పాపకియ్యన్నా" అనేవాళ్ళు. ఇచ్చేవాణ్ణి. లోపల ఏదో గుచ్చుకునేది.

ఆమె నేర్పే తీరు వేరుగా ఉండేది. వెలిగండ్లలో ఎరువులమ్మే ఒక పెద్దాయన కంప్యూటర్ ముట్టుకోవడానికే భయపడ్డాడు. ఆమె ఆయన చేత మొదట కాగితం మీద బిల్లు రాయించింది. తర్వాత ఆ కాగితం పక్కన పెట్టుకుని, "పెదనాయనా, నువ్వు రాసిన ఈ గీత ఇక్కడుండాది చూడు" అంటూ తెర మీద ఒక్కో గడి చూపించింది. వారంలో ఆయన సొంతంగా బిల్లు కొట్టాడు. నేనైతే మూడుసార్లు చెప్పి, ఆయనకు బుర్ర లేదని లేచి వచ్చేవాణ్ణి.

అట్లాంటి రోజుల్లో కంపెనీ నుంచి మెయిల్ వచ్చింది. డీలర్లందరూ ఒంగోలులో రెండు రోజుల శిక్షణకు రావాలి, చివర్లో పరీక్ష రాయాలి. యజమాని పాస్ కాకపోతే డీలర్‌షిప్ పోతుంది. వెంట ఒక ఉద్యోగిని తీసుకురావచ్చు, ఆ ఉద్యోగీ పరీక్ష రాయవచ్చు. ఆమెకు చాలా సంతోషమైంది. కొత్త నోటుపుస్తకం కొనుక్కుంది. బస్సులో ఆమెతో అన్నాను, "పరీక్షలో నాది ముందు చూడమ్మా. నీది తర్వాత."

"అట్లనేలేన్నా," అంది.

హోటల్లో చల్లటి హాలు. శిక్షణ ఇవ్వడానికి వచ్చినతను హైదరాబాద్ మనిషి, నాకన్నా బాగా చిన్నవాడు. మొదటి రోజంతా అమ్మకాల గురించే చెప్పాడు. కస్టమర్‌ని ఎలా పలకరించాలి, పాత ప్యాకేజీలో ఉన్నవాణ్ణి పెద్ద ప్యాకేజీకి ఎలా మార్చాలి, వద్దంటే ఏమనాలి. రెండో రోజు మధ్యాహ్నం భోజనాలకు ముందు సందేహాలడగమన్నాడు. ఆమె లేచి నిలబడింది.

"సార్, రైతు జూన్ నెలాఖర్లో ఎరువు బస్తాలు తీసుకపోయినాడు. రెండు మిగిలితే జులైలో తిరిగి తెచ్చిచ్చినాడు. తిరిగొచ్చిన బస్తాలు ఎక్కిస్తే పన్ను జూన్‌లో తగ్గుతుండాది సార్. జూన్ లెక్క అప్పటికే గవర్నమెంటుకు పోయినాది. షాపాయనకు నోటీసొస్తుండాది. దాన్నెట్ల సరిచేయాల?"

అతను ఆమెను పైనుంచి కింది దాకా చూశాడు. "తిరిగొచ్చిన బస్తాలా?" అన్నాడు, ఆమె యాసలోనే. హాలంతా నవ్వింది. "మేడమ్, దాన్ని సేల్స్ రిటర్న్ అంటారు. ముందు ఆ మాట నేర్చుకోండి. ఇంగ్లీషులో అడగలేకపోతే మీ సార్‌తో అడిగించండి."

ఆమె నా వైపు చూసింది. ఆ బస్తాల గొడవ నాకు తెలుసు. పామూరులో ఒకాయన దాని గురించి నన్నే తిట్టాడు. అయినా నేను అందరితో పాటు నవ్వాను. ఆమె కూర్చుంది. భోజనాల దగ్గర దర్శి డీలర్ ఆమెను కళ్ళతో చూపించి, "ఏమన్నా, మీ బస్తా తినలేదే?" అన్నాడు. దానికీ నవ్వాను.

సాయంత్రం పరీక్ష. పక్కపక్కన రెండు లాప్‌టాప్‌లు. ఆమె ముందు నాది చూసింది. నా కుర్చీ వైపు వంగి, పెదవులు కదపకుండా జవాబులు చెప్పింది. నేను నొక్కుతూ పోయాను. నాది అయ్యేసరికి సగానికి పైగా సమయం గడిచిపోయింది. తనది మొదలుపెట్టింది. పూర్తికాకుండానే గడువు అయిపోయి తెర ఆగిపోయింది.

ఫలితాలు గోడ మీద వేసి చూపించారు. నా పేరు పచ్చగా, ఆమె పేరు ఎర్రగా. శిక్షకుడు ఆమెతో, "మీ సార్‌ని చూసి నేర్చుకోండి మేడమ్. ఎంత బాగా రాశారో," అన్నాడు.

"నేర్పిస్తా సార్," అన్నాను నేను.

తిరుగు బస్సులో ఆమె కిటికీ పక్కన కూర్చుంది. నోటుపుస్తకం ఒళ్ళో ఉంది. పొదిలి దాటాక ఒక్క మాట అడిగింది. "అన్నా, ఆ బస్తాల సంగతి నువ్వన్నా అడిగి ఉంటే చెప్పేవాడేమో కదా?" నాకు నిద్ర వస్తోందన్నట్టు కళ్ళు మూసుకున్నాను.

సర్టిఫికెట్ పటం కట్టించి షాపులో తగిలించాను. పాస్ కానివాళ్ళు కస్టమర్ల సిస్టమ్‌లోకి పోకూడదని కంపెనీ నియమం. అందుకని ఆమె నా పాస్‌వర్డ్‌తోనే పని చేసేది. చేసినవన్నీ నా పేరు మీద ఎక్కేవి. ఆ ఏడాది జిల్లాలో మంచి సర్వీసిచ్చిన డీలర్‌గా నాకు శాలువా కప్పారు.

నాలుగు నెలలకు ఆ శిక్షకుడే ఫోన్ చేశాడు. ఈసారి గొంతు మెత్తగా ఉంది.

"సార్, అప్పుడు మీతో వచ్చిన మేడమ్ ఒక ప్రశ్న అడిగారు గుర్తుందా? అది మా సాఫ్ట్‌వేర్‌లోనే తప్పు సార్. అన్ని చోట్ల నుంచీ కంప్లయింట్లు వస్తే అప్పుడు తెలిసింది. ఇప్పుడు తెలుగులో శిక్షణ ఇచ్చేవాళ్ళు కావాలి. షాపులవాళ్ళకు వాళ్ళ మాటల్లోనే చెప్పేవాళ్ళు. ఆమెను హైదరాబాద్‌లో ఉద్యోగానికి తీసుకుందామనుకుంటున్నాం. ఫోన్ ఇస్తారా?"

ఆమె నాకు రెండు బల్లల అవతల ఉంది. చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని ఎవరికో చెబుతోంది. "భయమేం లేదు మామా, ఆ బిల్లు యాడికీ పోలేదు, కిందికి జరుపు."

"ఆమె మానేసింది సార్," అన్నాను. "పెళ్ళి చేసుకుని ఎటో పోయింది. నంబర్ కూడా మారింది."

అతను అయ్యో అని పెట్టేశాడు. నేను ఆమెను పిలిచి టీ తెప్పించమన్నాను.

నిజం రెండు నెలలు దాగింది. తెలుగు పాఠాల వీడియోలు వచ్చాయి. ఎవరో విజయవాడ అమ్మాయి చెబుతోంది. అందులో ఒక పాఠం పేరు 'తిరిగొచ్చిన బస్తాలు'. ఆమె దాన్ని రెండుసార్లు చూసింది. మరుసటి రోజు కంపెనీ సహాయ కేంద్రానికి ఏదో పని మీద ఫోన్ చేసి, మాటల్లో తన ఊరూ పేరూ చెప్పింది. అవతలి మనిషి ఆశ్చర్యపోయి అంతా చెప్పేసింది.

నా బల్ల దగ్గరికి వచ్చి నిలబడింది. "నాకు పెండ్లయినాదంట కదన్నా," అంది.

నాకు సిగ్గు వేయాల్సింది. కోపం వచ్చింది. "నువ్వు పోతే షాపు ఎవరు చూస్తారు? తిండి పెట్టిన చోటు విడిచి పోతావా? ఫెయిలైన దానివి, నిన్నెవరు పెట్టుకుంటారనుకున్నా," అన్నాను.

"అడిగి ఉంటే పోనని చెప్పేదాన్నేమోన్నా. మాయమ్మను వదిలి అంత దూరం ఎట్ల పోతాను?" అంది. తర్వాత తన బల్ల దగ్గరికి పోయి, ఆ రోజు రావలసిన ఫోన్లన్నీ సాయంత్రం దాకా మాట్లాడింది. మరుసటి రోజు రాలేదు.

గిద్దలూరు డీలర్ ఆమెను తీసుకోవాలనుకున్నాడు. ఒక డీలర్ దగ్గర చేసిన మనిషిని ఇంకో డీలర్ పెట్టుకోవాలంటే, మళ్ళీ పరీక్షకు పంపాలంటే, పాత యజమాని అభ్యంతరం లేదని రాసివ్వాలి. అతను మూడుసార్లు అడిగాడు. రేపు అన్నాను, వచ్చే వారం అన్నాను. మూడోసారి ఫోన్ ఎత్తలేదు. ఆమె గిద్దలూరులోనే ఒక బట్టల షాపులో బిల్లింగ్ కౌంటర్లో చేరిందని విన్నాను. నిజం చెప్పాలంటే, విని స్థిమితపడ్డాను.

ఆ స్థిమితం ఎన్నాళ్ళో లేదు. షాపులవాళ్ళ ఫోన్లకు నా దగ్గర జవాబుల్లేవు. కొందరు వేరే సాఫ్ట్‌వేర్‌కి మారారు. కంపెనీ హోటల్ శిక్షణలు మానేసి అన్నీ ఫోన్‌లోకి మార్చింది. ఇప్పుడు పరీక్ష ఎన్నిసార్లయినా రాయవచ్చు. తప్పు నొక్కితే ఒప్పేదో అదే చూపిస్తుంది. నేను సొంతంగానే పాసవుతున్నాను. ఏమీ రానివాడికి కూడా సర్టిఫికెట్ వస్తుందని నా కన్నా బాగా తెలిసినవాడు లేడు. ఇక ముందు కంపెనీయే నేరుగా షాపులకు అమ్ముతుందట, మాలాంటివాళ్ళు అక్కర్లేదట. గిద్దలూరు డీలర్ ముందే మూసేశాడు.

మొన్న, అభ్యంతరం లేదనే ఆ కాగితం రాసి, సంతకం పెట్టి, రైలెక్కి గిద్దలూరు పోయాను. ఎందుకు పోయానో సరిగ్గా చెప్పలేను. బట్టల షాపులో జనం ఉన్నారు. నా వంతు వచ్చేదాకా వరసలో నిలబడ్డాను. ఆమె కాగితం తీసుకుని పూర్తిగా చదివింది.

"తేదీ వెయ్యలేదన్నా," అంది.

జేబులో పెన్ను వెతికాను.

"వద్దులే," అని మడిచి వెనక్కిచ్చింది. "కొంచెం పక్కకు జరగన్నా. ఆ పెద్దమ్మ బిడ్డనెత్తుకుని నిలబడుండాది."