గోరింటాకు వేలి మీద ఎనభై ఆరు

మా అత్తగారికి న్యుమోనియా తగ్గాక, వేలికి తగిలించి ఆక్సిజన్, నాడి చూసే మిషను మీద పెత్తనమంతా నాదే అయింది. తొంభై నాలుగుకు తగ్గకుండా, నడిచినా ఆయాసం రాకుండా ఉంటే బోనం ఎత్తుకోవచ్చన్నారు డాక్టరుగారు. నేను శంషాబాద్‌కు కోడలిగా వచ్చినప్పటి నుంచి ఆవిడ బోనం ఎత్తని ఏడాది లేదు.

"ఈ ఏడు ఎత్తకపోతే ఇగ నేను మూలకు వడ్డట్టే" అనేది.

నెలరోజులు పూటపూటా చూశాను. తొంభై అయిదు, తొంభై ఆరు. సరిగ్గా బోనాల ఆదివారం పొద్దున ఎనభై ఆరు చూపించింది. వేలు మార్చాను. ఎనభై ఏడు.

"బోనం లేదు, ఏమీ లేదు. ఆసుపత్రికి పదండి అత్తయ్యా!" అని అరిచాను. మా ఆయన కారు తాళాల కోసం పరిగెత్తారు. పండగ ఇల్లు ఒక్కసారిగా చప్పబడిపోయింది.

ఆవిడ మాత్రం కదల్లేదు. "ఆయాసం లేదు, దగ్గు లేదు, నాకేమైందే? జర నీ వేలుకు పెట్టి చూడు."

విసుక్కుంటూ పెట్టుకున్నాను. ఎనభై ఎనిమిది! నిక్షేపంలాంటి మనిషిని నేను.

అప్పుడు చూసుకున్నాను నా వేళ్లు. ఆషాఢంలో గోరింటాకు పెట్టుకోకపోతే మా గోదావరి వాళ్లకు తోచదు. ముందురోజు నేనే రుబ్బి, ఇద్దరి పది వేళ్లకూ టోపీల్లా దట్టంగా పెట్టాను. నలుపు తిరిగేలా పండింది. మిషను వెలుగు అందులోంచి సరిగా దూరలేదు. ఇంతా చేసి తప్పు నాది, కేకలు ఆవిడ మీద. సిగ్గుతో చచ్చిపోయాను.

"కాలువేలు ఖాళీగనే ఉన్నది గదా" అంటూ కాలు చాపింది. బొటనవేలికి తగిలించాను. తొంభై ఆరు. వాకిట్లో నాలుగు చుట్లు నడిపించి మళ్లీ చూశాను. తొంభై ఆరే. డాక్టరుగారికి ఫోన్ చేస్తే, గోరింటాకు సంగతి విని నవ్వి, ఎత్తుకోనివ్వమన్నారు.

డప్పులు మోగాయి. నెత్తిన బోనం, దాని మీద దీపం. ఇళ్ల మీదుగా విమానం దిగుతున్నా తల తిప్పకుండా, పోచమ్మ గుడి దాకా ఎవరినీ చెయ్యి వెయ్యనివ్వలేదు. వెనకాల నడుస్తుంటే గర్వంతో నాకు ఏడుపొచ్చింది.

గుడి చుట్టూ తిరగడం అయ్యాక బోనం దించుకుందామని చేతులు చాపాను.

"ఆగు బిడ్డా, ఇంకో చుట్టు తిరిగొస్త" అని నన్ను దాటుకుని వెళ్లిపోయింది.